గవ్వలరేవు ఊరి నిద్ర

1

వాన. బయలుదేరిన దగ్గర నుంచీ వాన. ఇంతకు మించి రాయడానికేమీ లేదని ముడుచుకుని పడుకుందును గానీ, తీరశాఖ వారి నియమం ఒకటుంది. బాట నడిచేవాళ్ళకి తోడు వెళ్ళిన మనిషి రోజూ గుడారం వేశాక ఆ రోజు నడక రాయాలట. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి, పెన్సిలు జారిపోతోంది. మెరకలో పొడిగా కూర్చుని ఇది చదివే బాబులూ, అక్షరాలు వంకర పోతే సర్దుకోండి.

నా పేరు కాసులమ్మ. తోడు మనిషిని నేను. నిద్ర చెయ్యాల్సిన మనిషి మా వదిన మాసేనమ్మ, నా పెనిమిటి బండియ్యకి అక్క. బండియ్య పోయి ఐదేళ్ళయింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ మొగుడు పోయాక ఈవిడ పూర్తి మొగుడైపోయింది.

ఊరి నిద్ర సంగతి మీకు చెప్పనక్కరలేదు, పెట్టింది మీరే. అయినా మా నోట వింటే ఎలా ఉంటుందో వినండి. సముద్రం ఎక్కి వచ్చి మునిగిపోయిన ఊళ్ళ వాళ్ళకి మెరకలో ఊరికో వీధి ఇచ్చారు. ఏటా వానల్లో, ఆ ఊళ్ళో పుట్టిన మనిషి ఒకరు నడిచి వెళ్ళి, ఊరు మునిగిన చోటికి ఎదురుగా ఒక రాత్రి నిద్ర చెయ్యాలి. చేస్తే వీధి ఆ ఏటికి ఉంటుంది. చెయ్యకపోతే ఊరు లేనట్టే, వీధీ లేనట్టే. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తలా ఒకరినీ సర్దేస్తారు. గవ్వలరేవులో పుట్టి ఇంకా నడవగలిగిన మనిషి మా వదిన ఒక్కర్తే మిగిలింది. పోయినేడు దాకా దేముడమ్మ కూడా ఉండేది, మొన్న వేసవిలో వడదెబ్బకి పోయింది. నేను గవ్వలరేవు కోడల్ని. నేను వెయ్యి రాత్రులు పడుకున్నా మీ లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం దాకా మెరక దిగడంతోనే సరిపోయింది. పాత హైవే వంతెన దగ్గరికి వచ్చేసరికి హోరు వినబడింది. వదిన టక్కున ఆగి, చెప్పులు విప్పి, మూటకి కట్టేసింది.

"ఏటి వదినా ఆ పని?" అన్నాను.

"గంగమ్మ సప్పుడు ఇనబడతంది కదే. సెప్పులేసుకుని తల్లి ముందరికి ఎల్తామా?"

"ఆ రోజుల్లో సప్పుడు ఇసక దాకానే ఇనబడీది. ఇప్పుడు తల్లే ఊళ్ళ మీదకొచ్చీసింది. నీ కాళ్ళ కింద ఇసక నేదు, గాజు పెంకులూ ఇనప కమ్మీలూ ఉన్నాయి."

"తల్లి మన కాడికొచ్చినా, మనం తల్లి కాడికెల్లినా ఒకటే. నువ్వు నీ బూట్లేసుకుని నడు. నిన్నేటన్నాను?"

నిజమే, నన్నేమీ అనలేదు. మా పుట్టింటి వాళ్ళకీ ఈ ఆచారం ఉండేది. హోరు వినబడితే చెప్పులు విప్పాలి. మా ఊరి గంగమ్మ మమ్మల్ని ఏనాడో వదిలేసింది కనక నేను బూట్లు విప్పను.

వంతెన మీద గుడారం వేశాం. సోలారు గుడ్డకి ఎండ తగల్లేదు కనక దీపం లేదు, మండే బిళ్ళల పొయ్యి మీదే చోడి అంబలి కాచాను. వదిన లోపల నుంచి కేకేసింది. "ఒలే కాసులూ, గుడ్డ ఈ పక్క ఇంకా లాగే. నీళ్ళు నా నెత్తి మీద కారతన్నాయి."

"నీ నెత్తి మీద కారితే కారనీ. నా గిన్నెలో కారకపోతే సాలు."

నవ్వింది. ఎండు మెత్తళ్ళ చేపలు రెండు ఎక్కువ నాకే పడేసింది. ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. రాశాను, ఉండనీ.

2

వాన. గాలి కూడా తోడైంది.

ఈ రోజు బాట అంతా మేడల మీద. పట్నం మునిగిపోయాక పైకప్పులు తేలినచోట ఒక మేడ నుంచి ఇంకో మేడకి ఇనుప పలకలు వేశారు. పలకల మీద నాచు. కొన్ని చోట్ల పలక కొట్టుకుపోయింది, పోటు తగ్గేదాకా ఆగి మొలలోతు నీళ్ళలో దిగి దాటాం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కింద ఏముందో కనపడదు. నేను ముందు కర్రతో పొడుస్తూ వెళ్ళాను, వదిన నా నడుం పట్టుకుని వచ్చింది. దాటాక కాసేపు కూర్చుండిపోయింది. ఆయాసం అంది. అరవై దాటిన మనిషి, ఆయాసమే అనుకున్నాను.

సాయంత్రం మొగలివానిపేట కంబం దాటాం. అది నేను పుట్టిన ఊరు. ప్రతి ఊరికీ బాట పక్కన ఒక కంబం పాతారు కదా, దాని మీద ఎర్ర దీపం ఉంటుంది. ఊళ్ళో పుట్టిన మనిషి చేతికి శాఖ వారి కడియంతో దాని కింద తెల్లవార్లూ ఉంటే అది పచ్చగా మారుతుంది. మా ఊరి కంబానికి ఏ దీపమూ లేదు. నాకు ఇరవై రెండో ఏట అది ఆరిపోయింది. ఆ ఏడు వెళ్ళాల్సిన ముసలాయనకి జ్వరం వచ్చి ఆగిపోయాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఒక రోజు బళ్ళు వచ్చాయి. మా అమ్మని ఒక బ్లాకుకి, తమ్ముణ్ణి ఇంకో బ్లాకుకి తీసుకెళ్ళారు. నాకు అప్పటికే పెళ్ళయిపోయింది కనక గవ్వలరేవు వీధిలో మిగిలాను. అమ్మ చనిపోయిన సంగతి నాకు మూడు నెలలకి తెలిసింది. పక్క గదిలో వాళ్ళకి మా అమ్మ పేరు కూడా తెలియదట.

నేను కంబం దగ్గర ఆగలేదు. వదినే ఆగింది. కొంగు నెత్తిన కప్పుకుని, తన ఊరు కాని ఆ నీళ్ళకి దణ్ణం పెట్టింది.

"దీపం నేని కంబానికి దణ్ణమేటి?" అన్నాను విసురుగా.

"దీపానికి కాదే. మీ అమ్మకి."

వాన మొహం మీద కొడుతోంది కనక బతికిపోయాను.

3

వదిన కుంటుతోంది.

పొద్దున్న నుంచీ చూస్తున్నాను. అడిగితే "రాయి తగిలింది", ఇంకోసారి అడిగితే "నడు నడు, ఆటు తప్పిపోతాది" అంటుంది. చచ్చిన సరుగుడు తోపు దగ్గర పెందలాడే గుడారం వేసి, బలవంతాన కాలు ఒళ్ళోకి లాక్కున్నాను. చీర చింపి కట్టు కట్టింది. లోపల పసుపు దట్టించింది. విప్పితే అరికాలి కింద వేలెడంత గాటు, దాని చుట్టూ నల్లబడింది. చీలమండ మీదకి ఊదారంగు పొక్కులు పాకాయి. కాలు కాలిపోతోంది.

"ఎప్పుడు?" అన్నాను.

"నిన్న. నీళ్ళు దాటినప్పుడు."

"నాతో సెప్పడానికి నోరు పడిపోయిందా?"

"సెప్తే ఏటి సేత్తావు? ఇదిగో ఇలగే అరుత్తావు."

అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకునేది ఈ భూమ్మీద మీ గవ్వలరేవు వాళ్ళే అన్నాను. ఉప్పునీటి పుండు ఎలాంటిదో మెరకలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కోసుకున్న చోట ఆ గోరువెచ్చటి నీళ్ళు దిగితే మనిషి మూడు నాలుగు రోజులకి మించి ఉండదు. సంచిలో ఉన్న మాత్రలు వేశాను. అవి జ్వరానికి పనికొస్తాయేమో గానీ దీనికి చాలవు.

కడియం మీద మీట ఉంది. అది నొక్కితే శాఖ వారి ఎగిరే బండి వస్తుంది. మేము దాన్ని తుమ్మెద అంటాం. తుమ్మెద వచ్చి మనిషిని ఎత్తుకుని మెరక ఆస్పత్రిలో దింపుతుంది. దింపిన మనిషి ఆ ఏడు మళ్ళీ బాట ఎక్కడానికి లేదు. ఊరి నిద్ర పోయినట్టే. మిగతా నెలల్లో ఎండకి మాడి చస్తారని బాటే మూసేస్తారు కనక, ఇంకొకరిని పంపడానికీ లేదు. ఉన్నా ఎవరిని పంపుతాం?

నేను కడియం వైపు చూశాను. నేను చూడటం వదిన చూసింది. రెండో చేత్తో దాన్ని మూసేసింది.

"నడిత్తే రేపు సాయంత్రానికి ఊరు," అంది. "పడుకుంటే ఎల్లుండి తెల్లారి పచ్చ దీపం. అప్పుడు నొక్కు. నీ ఇష్టమొచ్చినన్ని సార్లు నొక్కు."

"అప్పటికి నువ్వుండాల కదా."

"ఉంటాను. మొండిదాన్ని. నీ మొగుణ్ణి పెంచినదాన్ని."

4

పొద్దున్నే పోట్లాట. అన్నీ రాయను, ఒకటి రాస్తాను.

నేనన్నాను: "ఈ ఏడు నువ్వు సచ్చి నిద్ర సేత్తావు. వచ్చే ఏడు ఎవులు సేత్తారు? ఎవులూ నేరు. వచ్చే ఏడు ఎలగూ సెదిరిపోవలసిందే. ఒక్క ఏడాది కోసం పేణం ఇచ్చీడమేటి వదినా, మతుండే మాటాడతన్నావా?"

వదిన అంబలి గిన్నె చేతిలో తిప్పింది.

"ఏడాదంటే తక్కువేటే?" అంది. "ఏడాదిలో సిమ్మాచెలం కూతురి పెళ్ళయిపోతాది, వీధిలో సంబంధమే. నీలకంఠం పెళ్ళాం నీళ్ళోసుకుంది, పురుడు వీధి ఆడోళ్ళే పోత్తారు. రాములు ముసిల్ది పోతాది, మోసీడానికి సొంతోళ్ళు నలుగురుంటారు. మనూరు మునిగిపోయినాక మనం బతికిందంతా ఏడాదికేడాదే కదా. మొత్తం ఇమ్మని నేనెప్పుడడిగినాను? ఒక్కటే అడిగీదాన్ని, ఏటా."

 

అప్పుడు నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టెయ్యి. పచ్చ దీపం వచ్చీదాకా నొక్కనని."

నెత్తి కాలిపోతోంది. తడి జుట్టు, తెల్లటి జుట్టు, దాని కింద కాలిపోతున్న నెత్తి. ఒట్టు వేశాను. వెయ్యకపోతే అక్కడి నుంచి కదిలేది కాదు.

సగం దారి నడిచింది. మిగతా సగం నేను మోశాను. బక్కమనిషే, కానీ తడిసిన చీరా, మూటలూ, బురదా. ఒక చోట ఇద్దరం పడ్డాం. పడి లేవలేక అలాగే వానలో కూర్చుని ఉంటే వదినకి నవ్వొచ్చింది. "పెళ్ళికూతుర్ని మోసినట్టు మోత్తన్నావే. మా మావ కూడా ఇలగ మొయ్యనేదు," అంది. నేనూ నవ్వాను. ఆ తరవాత బాట పొడుగునా ఏడుస్తూ నడిచాను. వీపు మీద ఉంది కనక తనకి నా మొహం కనపడలేదు.

సాయంత్రానికి గవ్వలరేవు చేరాం.

5

ఇది మర్నాడు ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను. నియమం ప్రకారం ఈ మిగతాది కూడా నిన్న రాత్రే రాయాలి. రాయలేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి.

గవ్వలరేవు అంటే ఇప్పుడు నీళ్ళు. తుఫాను షెల్టరు పైకప్పు ఒక్కటే బయటికి ఉంది, దాని మీద కొంగలు కూర్చుంటాయి. కంబం ఎదురుగా కాస్త మెరక నేల ఉంది. అక్కడ గుడారం వేసి వదినని పడుకోబెట్టాను. మోచేతి మీద లేచి నీళ్ళ వైపు చూసింది.

"వచ్చీసినానమ్మా," అంది, మనిషితో అన్నట్టే. తరవాత నాకు చూపించింది, ఇక్కడ మన ఇల్లు, అక్కడ చేపలెండబెట్టే దిబ్బ, అదిగో అక్కడ బండిగాడు మొదటిసారి తెప్ప నుంచి జారిపడి నీళ్ళు తాగాడు. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఏటా నిద్ర చేసి వచ్చాక నాకు ఇదే చెప్పేది, ఏటా నేను ఊఁ కొట్టేదాన్ని. ఈసారి నేనే అడిగాను, ఆ పక్క ఎవరిల్లు, ఈ పక్క ఎవరిల్లు అని. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది.

వెలుగు తగ్గుతున్న వేళకి వణుకు మొదలైంది. ఉన్న గుడ్డలన్నీ కప్పాను. నేను మీద పడుకున్నాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. పొక్కులు మోకాలి దాకా వచ్చాయి, ఒకటి రెండు పగిలాయి. ఆ వాసన రాయను.

"అమ్మా, వల తీసినారా? వానొస్తంది," అంది నన్ను చూసి.

"తీసినామే. నువ్వు తొంగో," అన్నాను.

"బండిగాడేడీ?"

"వస్తన్నాడు."

ఆ తరవాత నన్ను అమ్మా అని కూడా అనలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా వైపు లేవు. ఊపిరి పీల్చి, చాలాసేపు ఆగి, మళ్ళీ పీల్చేది. ఆ ఆగిన ప్రతిసారీ నేను కూడా ఆగేదాన్ని. కంబం మీద ఎర్ర దీపం అలాగే ఉంది. అది పచ్చగా మారాలంటే రాత్రంతా ఉంది ఇంకా.

మా అమ్మని తలుచుకున్నాను. పేరు కూడా తెలియని వాళ్ళ పక్కన పోయింది. వీధిలో ఒక్కొక్క ఇల్లూ తలుచుకుందామనుకున్నాను, పెళ్ళికూతురినీ, పురిటి మనిషినీ, మోసుకెళ్ళాల్సిన ముసలమ్మనీ. ఒక్క మొహం రాలేదు. ఎండు మెత్తళ్ళు రెండు నాకెక్కువ పడేసిన చెయ్యి ఒక్కటే కనపడింది, అది నా పక్కనే చల్లబడుతోంది.

ఒట్టు తప్పితే ఎవరి మీద వేశామో ఆ మనిషి చస్తుందంటారు. నిలబెట్టుకున్నా చచ్చేలాగే ఉంది.

నొక్కాను.

గట్టిగా నొక్కాను. కంబం మీద దీపం అప్పుడే ఆరిపోయింది. అంత తొందరగా ఆరిపోతుందని నాకు తెలియదు. ఎక్కడో ఆలోచిస్తారు, లెక్క చూస్తారు, పొద్దున్నకి ఏదో చెబుతారు అనుకున్నాను. ఏమీ లేదు. టప్పున ఆరిపోయింది, అంతే.

తుమ్మెద మోతకి వదిన కళ్ళు కదిలాయి. దాని దీపం గుడారం గుడ్డ మీద పడింది. ఆ వెలుతుర్లో నన్ను గుర్తుపట్టింది. అప్పటిదాకా పట్టనిది, అప్పుడే పట్టింది.

"ఏటి సేసినావే," అంది.

"సచ్చిపోతన్నావు వదినా."

"పొద్దున్న దాకా ఆగనేకపోనావా?"

పట్టీలు కట్టి ఎత్తుతుంటే కంబం వైపు తల తిప్పింది. దీపం లేని కంబాన్ని చూసింది. ఇక నా వైపు చూడలేదు.

6

కాలు మోకాలి పైదాకా తీసేశారు. మనిషి దక్కింది.

డాక్టరమ్మ మంచిది, కుర్చీ వేసి మాట్లాడింది. తెల్లారేదాకా ఆగి ఉంటే మనిషి ఉండేది కాదని చెప్పింది. నా కడుపు చల్లబడింది. ఆ వెంటనే, "ఒక్క రోజు ముందు నొక్కాల్సిందమ్మా, కాలు కూడా దక్కేది," అంది. తను మామూలుగానే అంది. నేనే లేచి బయటికి వచ్చేశాను.

కాలికి ఆలస్యం చేశాను. వీధికి తొందరపడ్డాను. రెండింటికీ చెడింది నేనే.

7

ఇది శాఖకి కాదు. వాళ్ళ పని అయిపోయింది. పుస్తకంలో కాగితాలు మిగిలాయి కనక రాస్తున్నాను.

వదినని వీధికి తీసుకొచ్చారు. వీధి అంతా బయటికి వచ్చి నిలబడ్డారు. అప్పటికే అందరికీ తెలుసు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. ఒకరు గంజి తెచ్చారు, ఒకరు దుప్పటి తెచ్చారు. నీలకంఠం పెళ్ళాం అంత కడుపుతో వచ్చి వదిన మంచం కింద ఊడ్చి వెళ్ళింది. నా తల ఎత్తాలంటే రాయి కట్టినట్టుంది. తిడితే బాగుండును, నేనూ తిరిగి తిడదును, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

సింహాచలం ఒక్కర్తే అడిగింది. కూతురి పెళ్ళి తరవాతి నెలలో పెట్టుకుంది, వరుడిది ఎదురిల్లు. ఇప్పుడు ఆ పిల్లాడి కుటుంబాన్ని ఎటు పంపుతారో, వీళ్ళని ఎటు పంపుతారో.

"కాసులమ్మా, నొక్కినప్పుడు మా పిల్ల నీకు ఓసారైనా గుర్తొచ్చిందేటే?"

"నేదు," అన్నాను.

కొట్టినట్టు చూసింది. తరవాత నా పక్కన అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "నిజం సెప్పినావు," అంది. వెళ్ళేటప్పుడు వదిన తినే వేళ అడిగి వెళ్ళింది.

వదిన నాతో మాట్లాడటం మానేసింది. నేనే నీళ్ళు పోస్తాను, నేనే కట్టు మారుస్తాను, నేనే అన్నం కలిపి పెడతాను. తింటుంది. చెయ్యి చాపమంటే చాపుతుంది. ఒక్క మాట లేదు. మిగతా వాళ్ళతో మాట్లాడుతుంది, పక్కింటి పిల్లలతో జోకులు కూడా వేస్తుంది. నేను గదిలోకి రాగానే నోరు మూసుకుంటుంది.

"తిట్టు వదినా. నీ కాళ్ళు మొక్కుతాను, తిట్టు," అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. కాళ్ళు అని బహువచనం వచ్చేసింది.

దానికి కూడా నవ్వలేదు, కోప్పడలేదు.

8

వాన తగ్గింది. బళ్ళు వచ్చాయి.

శాఖ తరపున వచ్చినావిడ నెమ్మదైన మనిషి, గొంతు పోయి ఉంది. ఇలాంటి వీధులు ఎన్ని తిరిగిందో. ఒక్కొక్క ఇంటినీ పిలిచి, ఎవరు ఏ బ్లాకో చెబుతోంది. నీలకంఠం వాళ్ళకి కొండ అవతల. సింహాచలానికి ఒక చోట, వియ్యాలవారికి ఇంకో చోట. పెళ్ళికూతురు గోడ వైపు తిరిగి నిలబడింది. పెళ్ళికొడుకు దూరంగా ఆ పిల్ల వీపునే చూస్తూ నిలబడ్డాడు. రాములు ముసలమ్మని కుర్చీతో సహా ఎక్కించారు. ఎక్కడికి పోతున్నామని ఆమె ఎవరినీ అడగలేదు.

వదిన పేరు వచ్చింది. "పుట్టిన ఊరు?" అంది ఆవిడ.

"గవ్వలరేవు."

ఆవిడ చేతిలోని పలక మీద వేలితో వెతికింది. మళ్ళీ వెతికింది. "ఆ పేరు తీసేశారమ్మా. ఇంకేదైనా చెప్పండి."

"ఇంకేటుంటాది? మా అమ్మ నన్ను రెండు సోట్ల కననేదు," అంది వదిన. "నేదని రాసుకో తల్లీ."

ఆవిడ తల వంచుకుని అలాగే రాసుకుంది. తరవాత, నడవలేని మనిషి కనక తోడుగా ఒకరిని తీసుకెళ్ళవచ్చు, ఎవరు కావాలో చెప్పమంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అందుకే ఇద్దరి బట్టలూ ఒకే మూటలో కట్టాను. వదిన మందులు పైన పెట్టాను, దారిలో కావాల్సి వస్తాయని. మాట్లాడకపోతే మానె, పక్కన ఉంటే చాలనుకున్నాను. ఒక అడుగు ముందుకి వేశాను కూడా.

"కొర్లయ్య," అంది వదిన.

కొర్లయ్య చివరింటి ముసలాయన. చెవులు వినపడవు, చూపు ఆనదు, వెనకా ముందూ ఎవరూ లేరు. వీధిలో వాళ్ళే వంతులు వేసుకుని అన్నం పెడతారు. ఆయన్ని వేరే బ్లాకుకి రాశారు. తన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు, జనం మూగారు కనక పండగో ఏదో అనుకున్నట్టున్నాడు, మొహం నవ్వుతోంది.

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో మూట ఉంది.

"వదినా," అన్నాను.

ఇన్నాళ్ళకి నా మొహం చూసి మాట్లాడింది.

"కొత్త సోట ఆడికి ఓ ముద్ద ఎవులెడతారే? ఇలాటోడు ఒకడున్నాడని కూడా ఎవులికీ తెల్దు. నాకు కాలు నేకపోతే నేదు, సేతులున్నాయి. కలిపి ఎడతాను." నా చేతిలో మూట వైపు చూసింది. "నువ్వు ఓసారి సెదిరినదానివి. ఎలగ బతకాలో నీకు తెలుసు. ఆడికి తెల్దు."

"నా మీద కోపమా?"

"కోపమే. సచ్చీదాకా ఉంటాది."

నేను అక్కడే, వీధి మధ్యలో, అందరి ముందూ ఏడ్చాను. సిగ్గు పడలేదు. మూట విప్పి, వదిన బట్టలు వేరు చేశాను. నా చీర ఒకటి ఆ బట్టల్లో కలిసిపోతే తియ్యబోయాను, వదిన దాని మీద చెయ్యి వేసి ఉంచేసింది. మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో సింహాచలం కూతురు ఒక కాగితం మీద రాసిచ్చింది. కొర్లయ్యని ఇద్దరు పట్టుకుని బండి ఎక్కించారు. ఆయన వదినని తడిమి చూసి, గుర్తుపట్టి, చెయ్యి వదల్లేదు.

బండి కదలబోతుంటే వదిన పిలిచింది.

"ఒలే కాసులూ. ఒక్కదానివే కదా అని వండుకోడం మానీకు. కూడు తినకుండా తొంగోకు."

"ఊఁ," అన్నాను.

నాకు వచ్చిన గది మూడో అంతస్తులో ఉంది. పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు, ఇంకా పేరు అడగలేదు. రేపు అడుగుతాను. ఇప్పుడే అన్నం వండుకున్నాను, ఇద్దరికి సరిపడా వచ్చింది, చెయ్యి అలవాటు మారలేదు. ఆ గుడారంలో నన్ను మళ్ళీ కూర్చోబెట్టినా నేను మళ్ళీ నొక్కుతాను. ఈ మాట వదినకి చెబుదామని ఇన్నాళ్ళూ నోటి దాకా తెచ్చుకున్నాను, తిడుతుందని ఆగాను. ఇప్పుడు తిట్టడానికి కూడా పక్కన లేదు.